ఒంటి తలనొప్పికి మాత్ర వేస్తే నాలుగు గంటలే తగ్గుతాంది, మళ్లీ వస్తాంది. ఎక్కడ తప్పు జరుగుతాంది?

తాడిపత్రి తమ్ముడు

అన్నలకు, అక్కలకు నమస్కారం. మా అక్క గురించి అడుగుతున్నా. వయసు 34, బరువు 61 కిలోలు, బీపీ 124/80, షుగర్ లేదు. ఏడేండ్ల నుంచి ఒంటి తలనొప్పి. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పోతాది. నాడి కొట్టుకున్నట్ల పోటు, వెలుగు పడదు, మిక్సీ శబ్దం కూడా పడదు. రెండు గంటలు దాటితే వాంతి. ఊరకే వదిలేస్తే ఒకటిన్నర రోజు ఉంటాది.

మొదట్లో నెలకు రెండు మూడుసార్లు వచ్చేది. మందుల షాపులో ఇచ్చే మాత్ర ఒకటి వేస్తే గంటలో తగ్గేది. సంక్రాంతి దాటినాక వారానికి మూడుసార్లు అయింది. పోయిన నెల లెక్కేస్తే 13 రోజులు నొప్పి, అందులో 12 రోజులు మాత్ర వేసింది, మొత్తం 19 మాత్రలు. ఒకటి వేస్తే నాలుగైదు గంటలు బాగుంటాది, తెల్లారుజామున మళ్లీ అదే నొప్పితో మెలకువ వస్తాది. షీటు వెనక ఇట్ల ఉంది: ఎర్గోటమిన్ 1 మి.గ్రా., కెఫీన్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 250 మి.గ్రా., ప్రోక్లోర్‌పెరజీన్ 2.5 మి.గ్రా.

ఒకటి చాలకపోతే రెండు వేయొచ్చా? నాప్రోక్సెన్ అని, ట్రిప్టాన్ అని వింటున్నాం, వాటిలో ఏది ఎప్పుడు వేయాల? నొప్పి లేకున్నా రోజూ వేసుకునే మందు ఉంటాది కదా, అది మొదలుపెట్టాల్సిన దశ వచ్చిందా? రెండేండ్ల కింద స్కాన్ తీస్తే ఏమీ లేదన్నారు. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోయింది.

మందుల బీరువా, కడప (ఫార్మసిస్ట్)

తమ్ముడూ, షీటు వెనక చదివి రాసినావు, మంచి పని చేసినావు. ఆ నాలుగు పేర్లలోనే జవాబు ఉంది. రెండు మాత్రలు వేయొద్దు.

అందులో అసలు పనిచేసేది ఎర్గోటమిన్. అది రక్తనాళాలను బిగిస్తుంది. తలలోనివే కాదు, చేతులవీ కాళ్లవీ గుండెవీ కూడా. బిగింపు ఆ పూటతో పోదు, చాలాసేపు నిలుస్తుంది. కెఫీన్ ఒంటికి అలవాటవుతుంది, దిగిపోతే అదే తలనొప్పి తెస్తుంది. పారాసిటమాల్ 250 అంటే ఈ నొప్పికి పెద్దవాళ్లకు వేసే 1000 మి.గ్రా.లో నాలుగో వంతు, అంత తక్కువతో ఈ పోటు దిగదు. నాలుగోది వాంతికి. అది కొందరికి మెడ పట్టేసినట్లు, కుదురుగా కూర్చోలేనట్లు చేస్తుంది.

ఈ మాత్ర దగ్గర నేను ఎక్కువ భయపడేది దీని పక్కన వచ్చి పడే ఇంకో మందుకు. నుదురు బరువుగా ఉంటే సైనస్ అనుకుంటారు, దగ్గు ఉంటే యాంటీబయాటిక్ రాయించుకుంటారు. ఆ యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ గానీ ఎరిత్రోమైసిన్ గానీ అయితే ఎర్గోటమిన్‌ను కరిగించే లివర్ పని ఆగిపోతుంది. వేసింది ఒక మాత్రే అయినా ఒంట్లో చాలా ఎక్కువ వేసినంత నిలుస్తుంది. తామరకు వాడే కీటోకోనజోల్, ఇట్రాకోనజోల్ మాత్రలూ అంతే. వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కడం, గోళ్లు నీలం తిరగడం, నాలుగు అడుగులు వేస్తే పిక్కలు పట్టేయడం కనిపిస్తే అది అలసట అనుకోవద్దు. మాత్ర ఆపి, షీటు చేతిలో పట్టుకుని అదే గంటలో ఆసుపత్రికి పోవాలి. రక్తం అందక వేళ్లు పోయిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి.

ఇంకో రెండు మాటలు. ఎర్గోటమిన్‌కూ, ఒంటి తలనొప్పికే ఇచ్చే సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులకూ మధ్య 24 గంటల ఎడం ఉండాలి, రెండూ నాళాలను బిగించేవే. ఉదయం ఇది, మధ్యాహ్నం అది అని కలపకూడదు. రెండోది, ఈ మాత్ర వేసి తగ్గలేదని పైన 650 పారాసిటమాల్ వేస్తుంటారు, ఆ 250 కూడా లెక్కలో కలపాలి. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, మద్యం తాగేవాళ్లకూ లివర్ బలహీనంగా ఉన్నవాళ్లకూ ఇంకా తక్కువ.

ఎర్గోటమిన్, నాప్రోక్సెన్, ట్రిప్టాన్లు అన్నీ చీటీ మీద ఇవ్వాల్సిన మందులే. అడిగితే ఇచ్చేసే షాపు మీ సందులో ఉండొచ్చు. అక్కకు ముందు ఒకసారి డాక్టర్ దగ్గర చీటీ రాయించండి, తర్వాత షాపు ఎక్కండి.

న్యూరో ఓపీ, కర్నూలు

పైన కడప అన్న చెప్పింది పూర్తిగా సరే. దాని వెనక జరుగుతున్నదానికి ఒక పేరుంది: మందు ఎక్కువై వచ్చే తలనొప్పి. ఎర్గోటమిన్, ట్రిప్టాన్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు అయితే నెలకు 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్, నాప్రోక్సెన్, ఐబుప్రోఫెన్ లాంటివైతే 15 రోజులు, ఇలా మూడు నెలలకు మించి సాగితే మందే నొప్పిని పిలుస్తుంది. ఇక్కడ లెక్క మాత్రలకు కాదు, రోజులకు. ఒకే రోజు మూడు వేసినా అది ఒక రోజే. మీ అక్క 12 రోజుల దగ్గర ఉంది, సంక్రాంతి నుంచి అంటే మూడు నెలలు దాటి ఉంటే గీత దాటినట్టే. తెల్లారుజామున నొప్పితో లేవడం, నాలుగు గంటలకే మందు దిగిపోవడం దీనికి బాగా సరిపోయే గుర్తులు.

కాబట్టి మొదటి పని ఈ మాత్ర ఆపడం. దీన్ని మెల్లగా తగ్గించాల్సిన అవసరం లేదు, ఒకేసారి ఆపొచ్చు. కానీ ముందే చెబుతున్నాను, ఆపినాక నొప్పి ఎక్కువవుతుంది. రెండో రోజు నుంచి పదో రోజు దాకా సాగొచ్చు. ఎర్గోటమిన్‌కు సాధారణంగా వారం పడుతుంది. వాంతి, నిద్ర పట్టకపోవడం, చిరాకు కూడా ఉంటాయి. ఈ వారంలోనే చాలామంది "ఆపితే ఇంకా ఎక్కువైంది" అని మళ్లీ పాత మాత్రకే పోతారు. ఆ పది రోజులు గడవడానికి డాక్టర్ నాప్రోక్సెన్ రోజుకు రెండుసార్లు అన్నం తిన్నాక కొద్ది రోజులు, లేదా స్టెరాయిడ్ చిన్న కోర్సు రాస్తారు. ఇంట్లో పెళ్లి, ఊర్లో జాతర లేని వారం చూసుకుని మొదలుపెట్టండి. పూర్తి ఫలితం తెలియడానికి రెండు నెలలు పడుతుంది.

ఇక నొప్పి వచ్చినప్పుడు ఏం వేయాలి. ఏ మందు అన్నదానికంటే ఎప్పుడు వేశారన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది. ఈ ఒంటి తలనొప్పి (మైగ్రేన్) మొదలైతే జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. వాంతి దశకు వచ్చినాక మింగిన మాత్ర కడుపులోనే నిలబడిపోతుంది, పేగులోకి దిగదు, రక్తంలోకి ఎక్కదు. "చూద్దాం, ఓర్చుకుందాం" అని రెండు గంటలు కూర్చున్నాక వేసిన మంచి మందు కూడా అందుకే పనిచేయదు. కణత దగ్గర బరువు మొదలైన అరగంటలోపు వేయాలి.

ఆ అరగంటలో నాప్రోక్సెన్ 500 మి.గ్రా., దాంతోపాటు డోంపెరిడోన్ 10 మి.గ్రా., గ్లాసు నిండా నీళ్లతో. డోంపెరిడోన్ వాంతి ఆపడానికే కాదు, కడుపును కదిలించి నాప్రోక్సెన్‌ను ముందుకు తోయడానికి కూడా. రెండూ కలిపిన మాత్రలు దొరుకుతాయి. ఖాళీ కడుపున వద్దు, రెండు బిస్కెట్లయినా, గుప్పెడు బొరుగులైనా తినాలి. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నాప్రోక్సెన్ పనికిరాదు, వాళ్లకు పారాసిటమాల్ 1000 మి.గ్రా. ఒకేసారి. గుండె లయ తేడా ఉన్నవాళ్లకు డోంపెరిడోన్ వద్దు.

రెండు గంటలకు తగ్గకపోతే ట్రిప్టాన్. సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా. లేదా రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. ప్రతిసారీ నొప్పి పెద్దదిగానే వచ్చేవాళ్లకు మొదటే ట్రిప్టాన్, నాప్రోక్సెన్ కలిపి రాస్తాం. ఆ జోడి ఒక్కోదానికంటే మెరుగ్గా పనిచేస్తుంది, నొప్పి తిరగబెట్టడం కూడా తగ్గుతుంది. మొదటి ట్రిప్టాన్‌తో తగ్గి మళ్లీ వస్తే రెండు గంటల ఎడంతో రెండోది వేయొచ్చు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది దండగ. 24 గంటల్లో సుమాట్రిప్టాన్ 200, రిజాట్రిప్టాన్ 30 దాటకూడదు. నెలకు 10 రోజుల గీత దీనికీ ఉంది, నేనైతే వారానికి రెండు రోజులు అనే చెబుతాను.

రిజాట్రిప్టాన్ నోట్లో కరిగే మాత్ర గురించి ఒక అపోహ. నాలుక మీద కరిగింది కదా, నేరుగా రక్తంలోకి పోయి తొందరగా పనిచేస్తుందనుకుంటారు. కాదు. ఉమ్ముతో పాటు మింగితే కడుపులోకి పోయి పేగులోనే ఎక్కాలి. మామూలు మాత్ర కంటే వేగమేమీ ఉండదు. ఉపయోగమల్లా నీళ్లు తాగితే వాంతి అయ్యేవాళ్లకూ, బస్సులో ఉన్నవాళ్లకూ. చెయ్యి తడి లేకుండా తుడుచుకుని, షీటు వెనక రేకు ఊడబీకి తీయాలి. మామూలు మాత్రలా బొటనవేలితో నొక్కితే పొడి పొడి అయిపోతుంది. వాంతి ముందే మొదలయ్యేవాళ్లకు సుమాట్రిప్టాన్ ముక్కు స్ప్రే, చర్మం కింద వేసే 6 మి.గ్రా. సూది ఉన్నాయి, చిన్న ఊర్లలో అడిగి తెప్పించుకోవాలి.

ట్రిప్టాన్ వేసినాక మెడ, ఛాతీ బిగుతుగా, ఒళ్లు వెచ్చగా అనిపించడం చాలామందికి ఉంటుంది, కొద్దిసేపట్లో పోతుంది. కానీ గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకూ, అదుపులో లేని బీపీకీ, నొప్పితో పాటు ఒక చెయ్యీ కాలూ పడిపోయే రకం మైగ్రేన్‌కూ ట్రిప్టాన్ ఇవ్వకూడదు. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు ముందుగా వచ్చేవాళ్లు ఆ మెరుపుల్లో కాదు, నొప్పి మొదలైనప్పుడు వేయాలి. ఒక ట్రిప్టాన్ మూడు నొప్పులకు సరైన సమయంలో వేసినా పనిచేయకపోతే అప్పుడు ఇంకోదానికి మారాలి. ఒకటి పడకపోతే అన్నీ పడవని కాదు.

రోజూ వేసే మందు గురించి: నెలకు నాలుగు రోజులు పని ఆగిపోయేంత నొప్పి ఉంటేనే ఆలోచిస్తాం. మీ అక్కకు ఆ దశ దాటిపోయింది. ఏది అన్నది చెప్పే ముందు రెండు విషయాలు కావాలి. ఆయాసం, ఉబ్బసం ఉందా? ఎప్పుడైనా కిడ్నీలో రాళ్లు వచ్చాయా?

తాడిపత్రి తమ్ముడు

సార్, చాలా వివరంగా చెప్పినారు. అడిగినందుకు మంచిదైంది, ఈ సంగతి మేం ఏ డాక్టరుకూ చెప్పలే. చలికాలంలో అక్కకు పిల్లికూతలు వస్తాయి, పీల్చే మందు వాడతాది. రాళ్లు రెండుసార్లు వచ్చినాయి, ఒకటి 6 మి.మీ., నీళ్లు తాగితే పడిపోయింది. పన్ను నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తే ఆయాసం ఏమీ రాలే. ఇంకొకటి, నెలసరికి రెండు రోజుల ముందు వచ్చే నొప్పి అన్నిటికంటే మొండిది.

న్యూరో ఓపీ, కర్నూలు

ఈ రెండు ముక్కలతో సగం మందులు పక్కకు పోయాయి.

ప్రొప్రానొలాల్ ఈ జబ్బుకు పాత, నమ్మకమైన మందు. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు గాలి గొట్టాలు బిగించేస్తుంది. వద్దు. చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట: ప్రొప్రానొలాల్ వాడేవాళ్లకు రిజాట్రిప్టాన్ మోతాదు సగం, 5 మి.గ్రా. మాత్రమే, రోజుకు 15 దాటకూడదు, ఎందుకంటే అది రిజాట్రిప్టాన్‌ను రక్తంలో పెంచుతుంది. ప్రొప్రానొలాల్‌ను హఠాత్తుగా ఆపకూడదు కూడా.

టోపిరామేట్ బరువు పెంచదు కాబట్టి చాలామంది అడుగుతారు. అది కిడ్నీలో రాళ్లు తెస్తుంది, చెమట తగ్గించి ఒళ్లు వేడెక్కిస్తుంది. రెండుసార్లు రాళ్లు వచ్చిన మనిషికి, తాడిపత్రి ఎండలో, నేను రాయను. వేరేవాళ్లకు రాస్తే 25 మి.గ్రా. రాత్రి పూట మొదలుపెట్టి వారానికి 25 చొప్పున పెంచి 100 దాకా. వేళ్లు చీమలు పాకినట్లుండటం, మాట తడుముకోవడం మామూలు. కన్ను ఉన్నట్టుండి నొప్పెట్టి చూపు మసకబారితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి రావాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇది, ఇదే జబ్బుకు రాసే వాల్‌ప్రోయేట్ రెండూ బిడ్డకు ప్రమాదం.

మీ అక్కకు మిగిలేవి అమిట్రిప్టిలిన్, ఫ్లూనారిజిన్. అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. పడుకునే రెండు గంటల ముందు మొదలుపెట్టి, పడితే వారం రెండు వారాలకు 10 చొప్పున పెంచి 30 దాకా. దిగులు జబ్బుకు ఇచ్చేదాంట్లో ఇది చిన్న భాగమే, పేరు చూసి భయపడి ఆపొద్దు. నోరు ఎండుతుంది, మలబద్ధకం, పొద్దున మత్తు. ఆ మత్తు పోవాలంటే మాత్రను ఇంకో గంట ముందే వేసుకోవాలి. ఫ్లూనారిజిన్ రాత్రి 5 మి.గ్రా., చాలకపోతే 10. ఆకలి, బరువు పెంచుతుంది. మునుపు డిప్రెషన్ ఉన్నవాళ్లకు వద్దు. పెద్దవయసు వాళ్లకు చేతులు వణకడం, నడక బిగుసుకోవడం తెస్తుంది, అందుకే ఏండ్ల తరబడి చీటీ తిరగరాయించుకుని వాడకూడదు.

ఏది మొదలుపెట్టినా సరైన మోతాదుకు చేరినాక ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడితేనే తీర్పు చెప్పాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు గెలిచినట్టు. పూర్తిగా మాయం కాలేదని పదిహేను రోజులకే ఆపేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. బాగుంటే ఆరు నెలల నుంచి ఏడాది, తర్వాత మెల్లగా దించడం.

డైక్లోఫెనాక్ పడింది కాబట్టి నాప్రోక్సెన్ కూడా పడే అవకాశమే ఎక్కువ. అయినా ఉబ్బసం సంగతి డాక్టరుకు చెప్పి, మొదటి మాత్ర ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు వేయించండి, పీల్చే మందు పక్కన పెట్టుకుని.

సిస్టరక్క, ఉరవకొండ

నెలసరి ముందు వచ్చేదానికి వేరే దారి ఉంది తమ్ముడూ. నెలసరి తేదీ తప్పకుండా వచ్చేవాళ్లకు రెండు రోజుల ముందు నుంచి ఐదారు రోజులు నాప్రోక్సెన్ 500 రోజుకు రెండు, తిన్నాక, అని డాక్టర్లు రాస్తారు. నొప్పి వచ్చినాక కాదు, రాకముందే. ఈ రోజులను కూడా నెల లెక్కలో కలపండి.

మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో ఇంకో సంగతి చూడాల. నీళ్లు తాగకుండా, చెమట పోయి, మూత్రం పచ్చగా వస్తున్నప్పుడు నాప్రోక్సెన్ వేస్తే కిడ్నీ మీద దెబ్బ. ముందు లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించండి, తర్వాత మాత్ర. పొట్లం సగం వేసి సగం నీళ్లు అంటూ కొలత మార్చొద్దు. ఉప్పేసిన పల్చని మజ్జిగ కూడా మంచిదే. జ్వరంతో పాటు తలనొప్పి ఉంటే, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఏ నొప్పి మాత్రా ముట్టుకోవద్దు.

శనివారం ఒక్కపొద్దులు, రోజాలు ఉండేవాళ్లకు ఖాళీ కడుపే నొప్పి తెస్తాది. రోజూ వేసే మందు రాత్రి పూటదే కాబట్టి ఉపవాసానికి అడ్డం కాదు, మానొద్దు. రోజూ నాలుగు టీలు తాగేవాళ్లు ఆ రోజు ఒక్కసారిగా మానేస్తే టీ దిగిన తలనొప్పి కూడా కలుస్తాది, వారం ముందు నుంచే తగ్గించుకోవాల.

మాత్రలు బండి డిక్కీలో పెట్టొద్దు. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ పొయ్యి మాదిరి కాగుతాది, ఈ మాత్రలు 30 డిగ్రీల లోపు ఉండాల. చేతి సంచిలో నీడన, షీటు కత్తిరించకుండా పెట్టండి. కత్తిరిస్తే గడువు తేదీ ఒక ముక్కలో, పేరు ఒక ముక్కలో పోతాది.

ఇంతకుముందు ఎప్పుడూ లేనంత నొప్పి నిమిషంలో పిడుగు పడినట్ల వస్తే, జ్వరంతో మెడ వంగకపోతే, మూతి వంకరపోయినా మాట తడబడినా, తలకు దెబ్బ తగిలినాక వచ్చినా, గర్భంలోనో కాన్పు తర్వాతో కొత్తగా వచ్చినా, 50 దాటినాక మొదటిసారి వచ్చినా మైగ్రేన్ మాత్ర వెతకొద్దు. 108కు ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోండి.

ఓపీకి పోయేటప్పుడు గోడ క్యాలెండర్‌నే తీసుకుపోండి. నొప్పి వచ్చిన తేదీకి అడ్డగీత, మాత్ర వేసిన తేదీకి చుక్క, ఎన్ని వేస్తే అన్ని చుక్కలు, నెలసరి తేదీకి సున్నా. మాత్ర ఎన్ని గంటలకు వేసింది, రెండు గంటలకు తగ్గిందా లేదా పక్కన చిన్నగా రాయండి. ఖాళీ షీట్లు పారేయకుండా కవర్లో వేసి, పీల్చే మందు డబ్బా, రాళ్లకు తీసిన స్కాన్ కాగితం కూడా అందులోనే పెట్టండి.